అంగడి యేల మూతపడెను?

మన కళ్యాణదుర్గము మెట్టసీమ. ఇచట కురియు వాన కొలది. పెక్కు సంవత్సరములు చెరువులు నిండక, అడుగున నెఱ్ఱెలు విచ్చియుండును. అట్టి యీ సీమలోనే ఒక్కొక్క యేడు చెరువునకు గండి పడుట పెద్దలు చూచియున్నారు. వాన తక్కువైన చోట గండి యేల పడవలయును? ఏడాదిలో ఎంత వాన కురిసినదన్నది కట్టకు లెక్క కాదు. ఒక్క రాత్రిలో ఎంత నీరు వచ్చినదన్నదే లెక్క. వచ్చిన నీరు మరవ మీదుగా వెడలిపోలేనంత హెచ్చైనప్పుడు కట్ట తెగును.

బాలలారా! ఈ సంగతిని మనసునం దుంచుకొని మఱియొక వింతను పరిశీలింతము. నేడు చేతిలోని ఫోను ద్వారా సరకులు కొనుట పల్లెలకును వచ్చినది. ఆ అంతర్జాలపు అంగడికి గోడలు లేవు, తలుపులు లేవు. రేయింబవళ్లు అది తెరచియే యుండును. అయినను క్రొత్త ఫోను అమ్మకమునకు వచ్చిన దినమున, జనులు కాచుకొనియున్న ఆ గడియలోనే, అది మూతపడుట కలదు.

2014 జూలై 22వ తేదీన షావోమీ యను చైనా సంస్థ తన మీ 3 ఫోనును 13,999 రూపాయల ధరకు ఫ్లిప్‌కార్ట్ అంగడిలో అమ్మకమునకు పెట్టెను. కొద్దిసేపటిలోనే సరకంతయు చెల్లిపోయెను. జనుల తాకిడికి ఆ అంగడియు స్తంభించెను. అదే సంవత్సరము అక్టోబరు 6వ తేదీన ఆ అంగడివారు గొప్ప తగ్గింపు అమ్మకమును ప్రకటించిరి. నాడును అట్లే జరిగెను. మఱునాడు స్థాపకులైన సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ కొనుగోలుదారులను క్షమాపణ కోరుచు లేఖ వ్రాసిరి. ఇంచుమించు 5,000 సర్వర్లను నిలిపి, మామూలుకంటె 20 రెట్లు రాకకు సిద్ధపడితిమనియు, వచ్చిన రాక అంతకంటె మిక్కిలి హెచ్చనియు అందు తెలిపిరి. 2017 ఆగస్టు 24వ తేదీన జియోఫోనునకు ముందస్తు నమోదు ప్రారంభమైనప్పుడును ఆ సంస్థవారి వేదిక జనుల తాకిడికి ఆగిపోయెను.

దీనికి కారణమేమి? ఆ అంగడి నిజముగా నెచటనో యొక భవనమున వరుసలుగా నిలిపిన కంప్యూటర్లలో నుండును. వానినే సర్వర్లందురు. మనము తెరపై వ్రేలుంచిన ప్రతి మారును ఒక ప్రశ్న అచటికి పోవును. ధర యెంత? సరకు కలదా? సొమ్ము చేరినదా? ఇట్లు ఒక్క కొనుగోలునకే పెక్కు ప్రశ్నలు. నెలలో లక్షమంది వచ్చిన చింత లేదు. ఆ లక్షమందియు మధ్యాహ్నము 12 గంటలకు ఒక్కసారిగా వచ్చిరేని సర్వర్లు బదులు చెప్పజాలవు. వస్తువుల బొమ్మలు చూపుటకు సర్వర్ల సంఖ్యను హెచ్చింపవచ్చును. కాని మిగిలిన ఫోనులెన్ని యను లెక్క ఒకే పద్దులో సరిపోవలయును. లేనిచో ఒక్క ఫోనే ఇరువురికి అమ్ముడుపోవును. కావున అందఱును ఆ పద్దు ముందు కాచుకొనవలసి వచ్చును.

బదులు రానివారు ఊరకుందురా? మఱల మఱల మీట నొక్కుదురు. ఒక ప్రశ్న పది ప్రశ్నలగును. భారము మోయలేక ఒక సర్వరు నిలిచిపోయిన, దాని పని తక్కిన వానిపై పడును, అవియును నిలిచిపోవును. మన గొలుసుకట్టు చెరువులలో ఎగువ చెరువు తెగిన నీరు దిగువ చెరువును తెంచుట వంటిదే యిది.

అమ్మువారికీ సంగతి తెలియదా? తెలియును. అదనపు సర్వర్లను అద్దెకు తెచ్చుకొందురు. ముందుగా పేర్లు నమోదు చేయింతురు. వచ్చినవారిని వరుసలో నిలుపుదురు. ఇవి మరవను వెడల్పు చేయుట వంటివి. అయినను కొలది సరకును ఒక్క గడియలో అమ్మకమునకు పెట్టు వాడుక పోలేదు. ఏలయన, "నిమిషములలో అన్నియు చెల్లిపోయెను" అను వార్తయే గొప్ప ప్రకటన. నలుగురు త్రొక్కులాడు వస్తువు తమకును కావలయునని తోచుట మానవ స్వభావము.

ఆ తొందర తెచ్చు నష్టమును మా పొరుగుననే చూచితిని. ఒక రైతు తన కుమారుని చదువునకై ఫోను కొనుక్కొమ్మనెను. విత్తనపు వేరుసెనగకై దాచిన సొమ్మును అదే ఖాతాలో నుండెను. అమ్మకపు దినమున బాలుడు మీట నొక్కెను. తెర కదలలేదు. మఱల నొక్కెను, మూడవమారును నొక్కెను. మూడు మారులును ఖాతానుండి సొమ్ము పోయెను. ఫోను మాత్రము రాలేదు. ఆ రాత్రియే పదును వాన కురిసెను. సొమ్ము ఐదవనాడు తిరిగి వచ్చెను గాని, పదును అంతవఱకు నిలుచునా? తండ్రి వడ్డీకి అప్పు తెచ్చి విత్తనము వేసెను. కుమారుని నొక్క మాటయు అనలేదు. "ఏమిరా, నీ ఫోను ఎప్పుడు వచ్చునంట?" అని మాత్రమడిగెను. "నాకిప్పుడు వద్దు నాయనా" అని ఆ బాలుడు తల వంచుకొనెను.

ఆ సొమ్ము ఎచటికి పోయినది? బ్యాంకు చెల్లించినను, అందినదను కబురు అంగడికి చేరలేదు. పద్దులు సరిచూచుకొన్న పిదపనే అది తిరిగి వచ్చును. యూపీఐ ద్వారా అంగడికి చెల్లించిన సొమ్మిట్లు చిక్కుకొనిన, 5 దినములలో తిరిగి జమ చేయవలయుననియు, ఆలస్యమైన దినమునకు 100 రూపాయల చొప్పున పరిహార మీయవలయుననియు రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో నియమించెను. కావున తెర కదలనప్పుడు మఱల చెల్లింపరాదు. ముందు ఖాతాను చూచుకొనవలయును. బ్యాంకు పంపిన సందేశమును భద్రపఱచవలయును. సొమ్ము రానిచో వినియోగదారుల సహాయమునకు 1915 సంఖ్య కలదు. "ఇచట చెల్లించిన ఫోను తప్పక దొరకును" అని అపరిచితులు పంపు సందేశములను నమ్మరాదు. మోసపోయినచో వెంటనే 1930 సంఖ్యకు తెలుపవలయును.

ఆఱు నెలలు గడచిన పిమ్మట అదే ఫోను మన కళ్యాణదుర్గము బజారులో అడిగినవారి కెల్ల దొరకినది. ఆ బాలుడు తండ్రిని వెంటబెట్టుకొని పోయి, చేతపట్టి చూచి, బేరమాడి కొనెను. నేడు దొరకని వస్తువు రేపు దొరకవచ్చును. దాటిపోయిన పదును మాత్రము రేపు రాదు. దేనికి తొందరపడవలయునో, దేనికి కాచుకొనవలయునో తెలిసికొనుటయే వివేకము.