అడగకుండా మీ క్రెడిట్ రిపోర్ట్ చూశారా? ఇలా ఫిర్యాదు చేయొచ్చు

లోన్‌కు అప్లై చేయలేదు. అయినా ‘మీ క్రెడిట్ రిపోర్ట్‌ను ఫలానా సంస్థ చూసింది’ అని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. చాలామంది దాన్ని చదివి వదిలేస్తారు. కానీ మీ పాన్, ఆధార్ జిరాక్స్‌లతో ఎవరో అప్పుకు ప్రయత్నిస్తూ ఉండొచ్చు.

చట్టం ఏమంటోంది?

దేశంలో క్రెడిట్ రిపోర్టులు ఇచ్చే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం 22వ సెక్షన్ ప్రకారం అధికారం లేకుండా ఈ సమాచారం చూడటం నేరం. ఒక్కో నేరానికి రూ.1 లక్ష వరకు, కొనసాగితే రోజుకు రూ.10 వేల వరకు అదనంగా జరిమానా పడొచ్చు. అయితే జరిమానా వేరు, బాధితుడికి దక్కే పరిహారం వేరు.

ముందు రిపోర్ట్ తీయాలి

ఒక్కో సంస్థ నుంచి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్ట్ ఉచితం. మన రిపోర్ట్ మనమే చూసుకుంటే స్కోర్ తగ్గదు. ‘ఎంక్వైరీలు’ అనే భాగంలో ఎవరు, ఏ తేదీన, ఏ లోన్ కోసం చూశారో ఉంటుంది. మొబైల్ షాపులో ఈఎంఐ అడిగినప్పుడో, లోన్ యాప్‌లో టిక్ పెట్టినప్పుడో అనుమతి ఇచ్చారేమో గుర్తు చేసుకోవాలి. ఇచ్చి ఉంటే ఫిర్యాదు నిలబడటం కష్టం.

ఫిర్యాదు ఎవరికి?

రిపోర్ట్ చూసిన బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీకి రాతపూర్వకంగా రాసి, అనుమతి ఆధారం చూపమని అడగాలి. ఆ ఎంక్వైరీ తొలగించాలని క్రెడిట్ సంస్థకూ రాయాలి. తప్పు సరిదిద్దమన్న ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే, ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఆ తర్వాత రోజుకు రూ.100 పరిహారం రావాలి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. వివరాలకు 14448 నంబర్. నష్టపరిహారం కోసం సొంత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లొచ్చు. మీ పేరు మీద లోన్ తీసేసినట్టు కనిపిస్తే మాత్రం ఆగకుండా 1930కి ఫోన్ చేసి, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త

అలర్ట్ మెసేజ్ బ్యాంకు రికార్డుల్లో ఉన్న నంబర్‌కు, ఈ-మెయిల్‌కే వస్తుంది. ఇక్కడి సిమ్ ఆగిపోతే ఆ మెసేజ్ అందదు. కాబట్టి వెళ్లేముందే బ్యాంకులో నంబర్, ఈ-మెయిల్ సరిచూసుకోవాలి.