దూరాన ఉన్న తోటివాడి పేరు

2015 సెప్టెంబరు 14న గురుత్వ తరంగాలు మొట్టమొదటిసారి పరికరాలకు చిక్కాయి. లైగో పరికరాలు రెండూ అమెరికాలోనే. ఒకటి హాన్‌ఫర్డ్‌లో, మరొకటి మూడువేల కిలోమీటర్ల దూరాన లివింగ్‌స్టన్‌లో. కాని ఆ సంకేతాన్ని ముందుగా గమనించినవాడు జర్మనీలోని హానోవర్‌లో కూర్చున్న మార్కో డ్రాగో! లెక్కలు కట్టినవారు మన పూణేలోనూ ఉన్నారు.

మరి పేరు ఎవరికి రావాలి? 2016లో అచ్చయిన వ్యాసంలో రచయితలు వెయ్యిమందికి పైనే, అక్షరక్రమంలో. అదే ఏడు వచ్చిన బ్రేక్‌త్రూ బహుమతి 30 లక్షల డాలర్లు. అందులో 10 లక్షలు స్థాపకులు ముగ్గురికీ, మిగతా 20 లక్షలు 1,012 మందికి సమంగానూ పంచారు. తలా రెండువేల డాలర్లయినా రాలేదు, అది వేరే సంగతి. 2017 నోబెల్ మాత్రం ముగ్గురికే. దాని నియమం అంతకుమించి ఒప్పుకోదు.

వెనకటికి కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడు నాగలి చెక్కిన వడ్రంగికీ, కొడవలి చేసిన కమ్మరికీ 'మేర' తీసేవారని మా తాత చెబుతాడు. వాళ్ళు కోతకు రాలేదుగదా అని ఎవరూ అనలేదట.

అయితే వెయ్యి పేర్లలో ఎవరేం చేశారో బయటివాడికేం తెలుస్తుంది? పక్కన పనిచేసిన వాళ్ళే నోరు విప్పి చెప్పాలి. ఈ మాట నాకు ఆలస్యంగా తెలిసింది. నిరుడు బావినీళ్ళ ప్రాజెక్టులో ఒక మిత్రుడు తన ఊళ్ళోనే ఉండి రోజూ నీటిమట్టం కొలిచి ఫోనులో చెప్పేవాడు. రిపోర్టు అట్టమీద మా నలుగురి పేర్లే వేసుకున్నాం. అతనేమీ అనలేదు. ఈ ఏడు పిలిస్తే మాత్రం, తీరికలేదన్నాడు.