టీనేజ్ పిల్లలకు బండి తాళాలు ఇస్తున్నారా? కేసు మీ మీదే!

టెన్త్ అయిపోయి ఇంటర్‌లో చేరగానే పిల్లలు అడిగేది బండి. కాలేజీ దగ్గరే కదా అని చాలామంది పేరెంట్స్ తాళాలు ఇచ్చేస్తున్నారు. చట్టం మాత్రం ఊరుకోదు.

16 ఏళ్లు నిండితే 50 సీసీ మించని బండికే లైసెన్స్ ఇస్తారు. ఇళ్లల్లో ఉండే స్కూటీలు చాలావరకు 100 సీసీ పైనే. వాటికి 18 ఏళ్లు నిండాల్సిందే.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో సెక్షన్ 199ఏ వచ్చింది. దాని ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా ఓనర్‌కు మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. నడిపినవాళ్లకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. యాక్సిడెంట్ జరిగితే, బీమా కంపెనీ బాధితులకు చెల్లించిన పరిహారాన్ని ఓనర్ నుంచి రాబట్టుకునే వీలూ ఉంది.

మరి ఏం చేయాలి?

* ఊరికే వద్దంటే ఫ్రెండ్ బండి ఎక్కుతారు. కారణం చెప్పండి.
* బస్సులో, సైకిల్‌పై సొంతంగా వెళ్లిరావడం అలవాటు చేయండి.
* వెనక కూర్చున్నా హెల్మెట్ తప్పనిసరి అని చెప్పండి.
* 'బండి నడిపేవాడు తాగి ఉంటే ఎక్కకు, ఫోన్ చెయ్. ఎంత రాత్రయినా వస్తా, తిట్టను' అని మాటివ్వండి. ఆ మాట నిలబెట్టుకోండి.
* 18 నిండాక ముందు లెర్నర్స్ లైసెన్స్, 30 రోజుల తర్వాత డ్రైవింగ్ టెస్ట్. పాసయ్యాకే తాళాలు చేతికివ్వండి.