పక్షిశాలలో పొత్తు కుదురు పిట్టలు

ఆసిఫాబాదు చుట్టుపట్ల జొన్న గింజపట్టు దినములలో చేలపై వ్రాలు జీనువాయిల గుంపులను ఎఱుగని రైతు లేడు. వేలెడు దేహము, పొట్టియై గట్టిదైన ముక్కు, సన్నని కూత వీని గుర్తులు. ఈ కుటుంబపు పిట్టలను పెంపకపువారు ఫించ్‌లని పిలుతురు. ఇట్టివానిని పలు జాతులు కలిపి ఒక్క పక్షిశాలలో పెంచుట మనోల్లాసమును గూర్చు పని. కాని రంగులు మాత్రము చూచి తెచ్చి కలిపినచో బలహీనమైనవి ఈకలూడి, మేతకు నోచుకొనక చచ్చుట కలదు. ఆ నష్టము చాలవఱకు ఎంపికలోని లోపమువలన కలుగునదే. కావున ఏ పిట్టకు ఏ పిట్టతో పొత్తు కుదురునో ఇచ్చట విన్నవించుచున్నాము.

ముందుగా చట్టము సంగతి తెలియవలెను. మన చేలలోని ఎఱ్ఱ జీనువాయి, చుక్కల జీనువాయి, గిజిగాడు మొదలగు స్వదేశపక్షులకు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షగా నున్నది. 1991 మొదలుకొని వీని వ్యాపారము నిషిద్ధము. పట్టుటయు, అమ్ముటయు, కొనుటయు నేరమే. పూర్వము ఎఱ్ఱ జీనువాయిలు విదేశములకు విస్తారముగా ఎగుమతి యయ్యెడివి. అహమ్మదాబాదు పేరే రూపు మాఱి దానికి ‘అమండవ’ అను శాస్త్రీయనామ మైనది. మన దేశమునకే సొంతమైన పచ్చ జీనువాయి, పట్టి అమ్ముటచేతను ఇతర కారణములచేతను, అరుదైపోయినది. సంతలో వింతరంగుల పిట్టలని అమ్మువానిలో రంగు పూసిన జీనువాయిలు ఉండుట కద్దు. చవకయని వానిని కొనరాదు.

పక్షిశాలకు తగినవి తరతరములుగా పంజరములలోనే పుట్టి పెరుగుచున్న జాతులు. క్రొత్తవారు కొనదగినవి రెండు. మొదటిది జీబ్రా ఫించ్. దీని జన్మభూమి ఆస్ట్రేలియా. తూకము సుమారు 12 గ్రాములు. అచ్చటి ఎండభూములలో బ్రతుకునది యగుటచే నీడయు నీరును ఉన్నచో మన వేసవిని ఓర్చుకొనును. రెండవది బెంగాలీస్ ఫించ్. పేరు బంగాళమును తలపించినను ఇది జపానులో మచ్చికయైన జాతి. చైనానుండి వచ్చిన తెల్లనడుము జీనువాయి దీనికి మూలము. ఇది మిక్కిలి సాధువు. ఇతర ఫించ్‌ల గ్రుడ్లను సైతము పొదిగి పిల్లలను సాకును.

పొత్తు కుదురుటకు చూడవలసిన కొలతలు మూడు. మొదటిది దేహము, ముక్కు. జావా పిచ్చుక సుమారు 25 గ్రాములు తూగును. దాని ముక్కు బలమైనది. చిన్న ఫించ్‌లతో దానిని కలుపరాదు. అంతియగాక అది వన్యజీవుల అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలోని పక్షి. 2024 నియమముల ప్రకారము దానిని పెంచువారు ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలెను. లవ్‌బర్డ్స్ అని సంతలో పిలుచు బడ్జీ చిలుకలును గింజలే తినును గాని, ఫించ్‌ల కాళ్లు కొఱికి కుంటివానిగా జేయును.

రెండవది గుణము. జీబ్రా ఫించ్ గూడు కట్టు వేళ పొరుగు గూటి పుడకలను లాగుకొనును. ఇతరుల గ్రుడ్లపైననే తన గూడు కట్టుటయు కలదు. బెంగాలీస్ దీనిని ఓర్చుకొనును. గూల్డియన్ ఫించ్ వంటి మెత్తని పిట్ట ఓర్వలేక గూడు విడుచును. దానికి చలియు పడదు. తిర్యాణి వైపు పుష్యమాసపు చలి ఎట్టిదో చదువరులకు తెలియును. కావున ఆరంభమున దాని జోలికి పోకుండుట మేలు.

మూడవది చుట్టఱికము. మిక్కిలి దగ్గఱి జాతులను కలిపినచో సంకరము కలుగును. ఒకే పోలిక రంగులు గలవి ఒండొంటిని ప్రత్యర్థులుగా నెంచి పోరును.

ఇక సంఖ్య. ఒక జాతిలో రెండు జంటలుంచిన కలహము హెచ్చును. ఒక్క జంటనైనను, లేక మూడు జంటలకు తక్కువ గాకుండనైనను ఉంచవలెనని పెంపకపువారు చెప్పుదురు. ఒంటరి మగపిట్ట ఇతరుల గూళ్లు చెఱచును. జంటకు రెండేసి గూళ్ల చొప్పున అన్నియు ఒకే ఎత్తున కట్టినచో పై గూటికొఱకైన పోరు తప్పును. మేతపళ్లెములు రెండు మూడు చోట్ల నుంచవలెను. పక్షిశాలకు ఎత్తుకన్న పొడవు ముఖ్యము. జాలి కన్నులు అర అంగుళమునకు మించరాదు. క్రొత్త పిట్టలను మూడు నాలుగు వారములు వేఱుగా నుంచి, రోగము లేదని తేలిన పిదపనే కలుపవలెను.

మేత విషయమున మన రైతు అదృష్టవంతుడు. విదేశములలో సైతము ఫించ్‌ల ముఖ్యాహారము కొఱ్ఱలే. కొఱ్ఱలు, సామలు, వరిగలు కలిపి పెట్టవచ్చును. కొఱ్ఱకంకిని అట్లే వ్రేలాడగట్టిన పిట్టలు ఒలుచుకొని తినును. పొదుగు దినములలో మొలకెత్తిన గింజలు, ఉడికించిన గ్రుడ్డు, సున్నపు సత్తువకు సముద్రఫేనము ఉండవలెను. ఒక్క హెచ్చరిక. విత్తనశుద్ధి మందు పట్టించిన గింజలను గాని, మందు చల్లిన ప్రత్తిచేని గట్టున కోసిన గడ్డికంకులను గాని ఎన్నడును పెట్టరాదు. అంత చిన్న దేహమునకు కొద్దిపాటి విషమే ప్రాణాంతకము.

ఈ రెండు జాతులలోను పాడునది మగదియే. పిల్ల తన పాటను పెద్దలయొద్ద విని నేర్చుకొనును. బెంగాలీస్ జంట సాకిన జీబ్రా పిల్ల, సాకిన తండ్రి పాటనే అభ్యసించునని శాస్త్రజ్ఞులు పరీక్షించి కనుగొనిరి. కావున మంచి పాటగల మగపిట్టను ఎంచుకొనుటయు ఎంపికలో భాగమే.

ఆరంభమునకు పది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు గల పక్షిశాలలో జీబ్రా మూడు జంటలు, బెంగాలీస్ మూడు జంటలు, పండ్రెండు గూళ్లు చాలును. జీబ్రా ఫించ్ ఏడాది పొడవున గ్రుడ్లు పెట్టి నీరసించును. ఏటికి రెండు మూడు ఈతలైన పిదప గూళ్లు తీసివేయవలెను. సభ్యులు నలుగురైదుగురు కలిసి వేర్వేఱు చోట్లనుండి జంటలు తెచ్చి, పిల్లలను మార్చుకొనినచో ఒకే రక్తము కలియు దోషము తప్పును. కొఱ్ఱలును జాలియు ఒక్కటిగా కొనినచో ఖర్చును తగ్గును. మిగిలిన పిల్లలను అడవికి మాత్రము విడువరాదు. అవి ఈ నేలవి కావు. ఈ నేలదైన జీనువాయి చేనిలోనే యుండవలెను. పక్షిశాల పెట్టదలచిన ప్రతి సభ్యుడును జంటలు కొనుటకు ముందు ఈ రెండు మాటలను మనసున నుంచుకొన ప్రార్థించుచున్నాము.