డిఫరెన్షియల్ అరిగితే డ్రైవర్ జీతం కోస్తారా?

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో ఫోర్‌వీల్ ట్రాక్టర్లు కూడా కరిగెట్లు దున్నుతున్నయి. డిఫరెన్షియల్ పోయిందంటే కొందరు యజమానులు ముందు డ్రైవర్ జీతం మీద పడతారు. అందుకే ఆ యంత్రం సంగతి మనకు తెలిసి ఉండాలె.

మలుపులో బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరగాలి. ఆ తేడాను సర్దేదే డిఫరెన్షియల్. ఫోర్‌వీల్ బండికి వెనక ఒకటి, ముందు ఒకటి ఉంటయి. నేరుగా పోయేటప్పుడు ఊళవేస్తే క్రౌన్, పినియన్ పళ్ళను చూడాలి. మలుపులోనే టకటకమంటే లోపలి చిన్న పళ్ళచక్రాలను చూడాలి. ఆయిలు దించితే సన్నని పొడి మామూలు అరుగుదలే. ఇనుప ముక్కలు వస్తే పన్ను విరిగినట్టు. పాలలాగా తెల్లబడితే నీళ్ళు చేరినట్టు.

క్రౌన్, పినియన్ జోడుగానే మార్చాలి. షిమ్ములు వేసి పళ్ళ సందు సరిచేయకపోతే ఆ రిపేరు నిలవదు.

లాక్ వేసి మలుపు తిప్పటం, గట్టి రోడ్డు మీద ఫోర్‌వీల్‌లో నడపటం డ్రైవర్లు మానాలి. అయితే ఆయిలు, సీళ్ళు మార్పించటం యజమాని బాధ్యత. బురదలో ఏండ్లు నడిచిన ఇనుము అరుగుతుంది. ఆ నష్టాన్ని కష్టజీవి మీద రుద్దటం అన్యాయం.

మేము చెప్పేది ఒక్కటే. బండి విప్పేటప్పుడు డ్రైవర్ ఉండాలి, పాత ఆయిలు, పళ్ళు పదిమందికీ చూపాలి. తప్పు తేలకుండా జీతం కోయరాదని ఊరూరా కలిసి అడుగుదాం.