ప్రయాణంలోను, పని ఒత్తిడిలోను పాలియో ఆహారం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలకు అన్వయం

పీఠిక

హైదరాబాద్, విజయవాడ నగరాలను కలిపే 65వ నంబరు జాతీయ రహదారిపై దాదాపు సగం దూరంలో సూర్యాపేట, అక్కడి నుండి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో కోదాడ ఉన్నాయి. కోదాడ నుండి హుజూర్‌నగర్ మీదుగా పడమరకు సాగితే మిర్యాలగూడ చేరవచ్చును. ఒకప్పుడు జొన్న, ఆముదం వంటి మెట్ట పంటలు పండిన ఈ భూములలో కోదాడ, మిర్యాలగూడ పరిసరాలు 1967లో నాగార్జునసాగర్ నుండి నీరు విడుదలైన తరువాత ఎడమ కాలువ ఆయకట్టుగా మారి వరి సీమగా స్థిరపడినవి. మిర్యాలగూడ వరి మిల్లుల కేంద్రంగా పేరు పొందినది. పంటతో పాటు భోజనం కూడా మారినది. జొన్న రొట్టె, గటక స్థానంలో మూడు పూటలా బియ్యమే వివిధ రూపాలలో కంచంలోకి చేరినది.

ఇటువంటి ప్రాంతంలో ధాన్యాన్ని పూర్తిగా విడిచిపెట్టమని చెప్పే పాలియో ఆహార విధానం గురించి రైతులు, లారీ డ్రైవర్లు, మిల్లు యజమానులు, క్షేత్ర పర్యటనలు చేసే సిబ్బంది విస్తరణ శాస్త్రవేత్తలను తరచుగా ప్రశ్నించుటకు ప్రధాన కారణం మధుమేహం. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి ఇండియాబ్ అధ్యయనం దేశంలో సుమారు 10.1 కోట్ల మంది మధుమేహంతో జీవిస్తున్నారని అంచనా వేసినది. ఇంటివద్ద తీరికగా పాటించే ఆహార నియమం ఒక ఎత్తు, రోడ్డు మీద అరగంట విరామంలో పాటించవలసిన నియమం మరొక ఎత్తు. ఈ రెండవ సందర్భంలో పాలియో విధానం నుండి ఏమి స్వీకరించవచ్చునో, దేనిని విడిచిపెట్టవలెనో వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం.

పాలియో ఆహారం అనగా నేమి?

వ్యవసాయం ఆరంభం కాకముందు, అనగా పాతరాతియుగంలో, మానవుడు తిన్నదని భావించే పదార్థాలకే ఆహారాన్ని పరిమితం చేయుట ఈ విధానం సారాంశం. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లు, గింజలు ఇందులో అనుమతించబడినవి. ధాన్యాలు, పప్పుదినుసులు, పాలు, పాల పదార్థాలు, చక్కెర, శుద్ధి చేసిన నూనెలు, కర్మాగారంలో తయారైన చిరుతిండ్లు నిషిద్ధం. వేరుశనగ పప్పుజాతికి చెందినది కావున దానికి కూడా ఇందులో చోటు లేదు.

అమెరికాలో బోయిడ్ ఈటన్, మెల్విన్ కోనర్ 1985లో ప్రచురించిన పరిశోధన వ్యాసం ఈ ఆలోచనకు శాస్త్రీయ చర్చలో స్థానం కల్పించినది. లోరెన్ కోర్డెయిన్ 2002లో వెలువరించిన గ్రంథం దీనిని సామాన్య పాఠకులకు చేర్చినది. అయితే పాతరాతియుగపు మానవుడు ధాన్యమే ఎరుగడన్న వాదం నిలువదు. జోర్డాన్‌లోని షుబైకా అనే స్థలంలో సుమారు 14,400 సంవత్సరాల నాటి రొట్టె అవశేషాలు లభించినట్లు 2018లో వెల్లడైనది. ఇది అక్కడ వ్యవసాయం ఆరంభమగుటకు దాదాపు 4,000 సంవత్సరాల ముందు కాలం. కావున ఈ విధానాన్ని పూర్వ చరిత్ర ఆధారంగా గాక, శరీరంపై కలిగించే ఫలితాల ఆధారంగా అంచనా వేయుట సమంజసం.

తెలుగు రాష్ట్రాలలో పాలియోను మరి రెండు విధానాలతో కలిపి పొరబడుట సాధారణం. వీరమాచినేని రామకృష్ణ ప్రచారం చేసిన విధానం కొవ్వును ప్రధానంగా తీసుకొని పిండి పదార్థాలను అతి తక్కువ స్థాయికి తగ్గించునది. పాలియోలో దుంపలకు, పండ్లకు చోటు ఉన్నది. డాక్టర్ ఖాదర్ వలి ప్రచారం చేసిన సిరిధాన్యాలు కొర్ర, అరిక, సామ వంటి ధాన్యాలే కనుక కచ్చితమైన పాలియోలో అవి నిషిద్ధం. రైతు అడిగిన ప్రశ్న ఈ మూడింటిలో దేని గురించినదో ముందుగా తెలుసుకొనుట అవసరం.

పరిశోధనలు తెలుపునదేమి?

స్వీడన్‌లో స్టాఫాన్ లిండెబెర్గ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో గుండెజబ్బుతో పాటు గ్లూకోజు నియంత్రణ లోపించిన 29 మంది పురుషులు 12 వారాలు పాల్గొన్నారు. గ్లూకోజు తీసుకున్న తరువాత రక్తంలో పెరిగే చక్కెర మొత్తం పాలియో వర్గంలో 26 శాతం, మధ్యధరా తరహా ఆహారం తీసుకున్న వర్గంలో 7 శాతం తగ్గినది. ఫలితం ఆశాజనకమే అయినను పాల్గొన్నవారి సంఖ్య స్వల్పం, కాలపరిమితి తక్కువ.

మరొక స్వీడన్ అధ్యయనం, 2008 నాటిది, మన ప్రాంతానికి ఎక్కువగా వర్తించును. ఆరోగ్యవంతులైన కొద్దిమంది మూడు వారాలు పాలియో ఆహారం తీసుకొనగా శరీర బరువు, రక్తపోటు కొంత తగ్గినవి. అదే సమయంలో ఆహారం ద్వారా అందే కాల్షియం 53 శాతం పడిపోయినది. పాలు, పెరుగు మానివేయుటయే ఇందుకు ముఖ్య కారణం.

రహదారి భోజనం: లోపం ఎక్కడ?

సూర్యాపేట, కోదాడల వద్ద రహదారి పక్కన భోజనశాలలకు కొరత లేదు. ఉదయం టిఫిన్లు ఇడ్లీ, దోసె, పూరి, వడ. మధ్యాహ్నం అన్నం, పప్పు, సాంబారు, కూర, పెరుగు. రాత్రి బిర్యానీ, రొట్టెలు, మాంసపు కూరలు. పాలియో పాటించదలచిన ప్రయాణికునికి మాంసం, గుడ్డు ఎల్లవేళలా దొరుకును. దొరకనివి తగినంత కూరగాయలు, ఆకుకూరలు. మాంసాహార భోజనంలో ఉల్లిపాయ ముక్కలు, నిమ్మకాయ బద్ద తప్ప వేరే కూరగాయ ఉండుట అరుదు. అన్నం తీసివేసి మాంసం మాత్రమే పెంచిన భోజనంలో పీచు, కాల్షియం, ఫోలేటు తగ్గి, ఉప్పు, నూనె పెరుగును.

వండిన అన్నం 100 గ్రాములలో సుమారు 28 గ్రాముల పిండి పదార్థం ఉండును. 300 గ్రాముల అన్నం తిన్నచో 80 గ్రాములకు పైగా ఒకే పూటలో చేరును. ఇందుకు బదులుగా ఆ పూటకు రెండు ఉడికించిన గుడ్లు, 100 గ్రాముల వండిన కోడిమాంసం తీసుకొన్నచో సుమారు 37 గ్రాముల మాంసకృత్తులు లభించును. 60 కిలోల బరువుగల వ్యక్తికి కిలోకు 0.83 గ్రాముల చొప్పున రోజుకు కావలసిన 50 గ్రాములలో ఇది దాదాపు మూడు వంతులు. కావున రెండవ పూట కూడా మాంసం పెంచవలసిన పని లేదు. ఆ స్థానంలో కూరగాయలను పెంచుట మేలు.

భోజనశాలలో పాటించదగిన సూచనలు:

• అన్నం వడ్డించకముందే చెప్పి, బెండ, దొండ, వంకాయ, సొర, బీర వంటి కూరలను రెండు రెట్లు తీసుకొనవలెను. అదనపు కూరకు అదనపు రుసుము చెల్లించుట బిర్యానీ కన్నా ఎక్కువ ఖర్చు కాదు.

• చికెన్ 65, చిల్లీ చికెన్ వంటి వాటికి మైదా, మొక్కజొన్న పిండి పూత ఉండును. వీటికి బదులుగా ఇగురు, పులుసు, నిప్పులపై కాల్చిన మాంసం ఎన్నుకొనుట మేలు.

• ఉదయం వేళ టిఫిన్‌కు బదులు రెండు కోడిగుడ్ల అట్టు, ఉల్లి, టమాటాతో చేయించుకొనవచ్చును. ఇది దాదాపు ప్రతి హోటల్‌లోను ఐదు నిమిషాలలో సిద్ధమగును.

• శీతల పానీయాలు, తీపి టీ బదులు కొబ్బరినీరు, చక్కెర లేని నిమ్మరసం తీసుకొనవలెను. రక్తపోటు మందు వాడువారు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు కొబ్బరినీటి విషయంలో వైద్యుని సంప్రదించవలెను.

వెంట తీసుకొని పోదగినవి

సమయం లేనివారికి ముందుచూపే ప్రధాన సాధనం. నాటు వేయుటకు తెల్లవారుజామున బయలుదేరే మహిళలు సద్ది కట్టుకొనుట తరతరాల అలవాటు. అదే అలవాటును ఈ ఆహారానికి అన్వయించవచ్చును.

ఉడికించిన చిలగడదుంప ఇందుకు తగిన పదార్థం. 100 గ్రాములలో సుమారు 20 గ్రాముల పిండి పదార్థంతో పాటు పీచు కూడా ఉండును. తెలంగాణలో గేగులని పిలిచే తాటి తేగలు శీతకాలంలో రోడ్డు పక్కన విరివిగా దొరుకును. ఇవి ఉడికించిన తరువాత ఒక రోజు నిలువ ఉండును. వేసవిలో తాటి ముంజలు, వర్షాకాలం చివరి నుండి సీతాఫలం, శీతకాలంలో జామ, రేగుపండ్లు స్థానికంగా లభించును. నల్గొండ ప్రాంతపు బత్తాయి కూడా ఈ జాబితాలో చేర్చదగినది. రసం తీయక తొనలుగా తినుట వలన పీచు నష్టపోదు. మధుమేహం ఉన్నవారు సీతాఫలం వంటి తీపి పండ్లను ఒకటికి మించి తీసుకొనరాదు.

ఎండు కొబ్బరి, బాదం, గుమ్మడి గింజలు, నువ్వులు చెడిపోకుండా వారాల తరబడి ఉండును. గుప్పెడుకు మించి తీసుకొన్నచో శక్తి పరిమాణం మించిపోవును.

ఉడికించిన గుడ్లు, వండిన మాంసం విషయంలో జాగ్రత్త అవసరం. గది ఉష్ణోగ్రతలో రెండు గంటలు, 32 డిగ్రీలు దాటిన వేడిలో ఒక గంటకు మించి వీటిని ఉంచరాదు. వేసవిలో సూర్యాపేట ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటును కనుక, ఆగి ఉన్న వాహనంలో ఉంచిన మాంసపు డబ్బాను మధ్యాహ్నం తినుట ప్రమాదకరం. అటువంటి రోజులలో మాంసాహారాన్ని హోటల్‌లో వేడిగా తీసుకొని, దుంపలు, పండ్లు, గింజలు మాత్రమే వెంట ఉంచుకొనుట శ్రేయస్కరం.

కాల్షియం, ఫ్లోరైడు: ఈ ప్రాంతపు ప్రత్యేక సమస్య

నల్గొండ ప్రాంతపు భూగర్భ జలాలలో ఫ్లోరైడు సమస్య దేశమంతటా తెలిసినదే. నీటి నుండి ఫ్లోరైడును పటిక, సున్నంతో తొలగించే పద్ధతికి నల్గొండ విధానమనే పేరే స్థిరపడినది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు కోరదగిన పరిమితి కాగా, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించబడును. మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు అందిన తరువాత పరిస్థితి మెరుగైనను, పొలాల వద్ద, రహదారి వెంట బోరు నీరు తాగే సందర్భాలు ఇంకను ఉన్నవి.

ఆహారంలో కాల్షియం తక్కువగా ఉన్నచో ఫ్లోరైడు వలన ఎముకలకు కలిగే హాని తీవ్రమగును. పేగులలో కాల్షియం ఫ్లోరైడుతో కలిసి దాని శోషణను కొంతవరకు తగ్గించును. పాలు, పెరుగు పూర్తిగా నిషేధించే కచ్చితమైన పాలియో ఆహారాన్ని ఇక్కడ యథాతథంగా సిఫారసు చేయుట అందువలన తగదు. పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం కాగా, ఒక గ్లాసు పాలు లేదా అంతే పెరుగు సుమారు 240 మిల్లీగ్రాములు అందించును. పెరుగు, మజ్జిగలను ఆహారంలో నిలుపుకొనుటయే ఈ ప్రాంతానికి సరియైన సవరణ. భోజనశాలలో సులభంగా లభించే పదార్థం కూడా ఇదే. పాలు సరిపడనివారు తోటకూర, మునగాకు, నువ్వులు, ముల్లుతో తినే చిన్న చేపలను తరచుగా తీసుకొనవలెను. తోటకూర, మునగాకు 100 గ్రాములలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. టీ ఆకులో ఫ్లోరైడు ఉండుట వలన రోజంతా టీతో గడుపు అలవాటును తగ్గించవలెను.

ఎవరికి తగును, ఎవరికి తగదు?

శ్రమను బట్టి ఆహార అవసరం మారును. 2020 భారత వైద్య పరిశోధన మండలి ప్రమాణాల ప్రకారం తక్కువ శ్రమ చేసే పురుషునికి రోజుకు 2110, అధిక శ్రమ చేసే పురుషునికి 3470 కిలోకేలరీలు కావలెను. మిల్లు కార్యాలయంలో కూర్చొను వ్యక్తికి, గంటల తరబడి వాహనం నడుపువానికి ధాన్యం తగ్గించుట మేలు చేయును. అదే మిల్లులో బస్తాలు మోసే హమాలీకి, నాటు వేసే మహిళకు అన్నం హఠాత్తుగా తీసివేసినచో నీరసం, తల తిరుగుట కలుగును. వారి విషయంలో అన్నం పరిమాణం గాక, దానితో కలిపే పప్పు, గుడ్డు, ఆకుకూర పెంచుట లక్ష్యం కావలెను. శాకాహారులకు పప్పుదినుసులు లేని పాలియో ఆచరణ సాధ్యం కాదు. వారు పప్పు, పెరుగు నిలుపుకొని అన్నం తగ్గించవచ్చును.

ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి మందులు వాడుతున్నవారు మందు మోతాదు మార్చకుండా అన్నం మానివేసినచో రక్తంలో చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోవచ్చును. వాహనం నడుపుతున్నవారికి ఇది ప్రాణాంతకం. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులతో పిండి పదార్థాలు మితిమీరి తగ్గించినచో కీటోఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉన్నది. ఇట్టివారు వైద్యుని సంప్రదించనిదే మార్పు చేయరాదు. మందు మోతాదు సవరించిన తరువాత కూడా గ్లూకోజు పొడి వెంట ఉంచుకొనవలెను. గర్భిణులు, బాలింతలు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఈ విధానానికి దూరంగా ఉండవలెను.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు ధాన్యాల నుండి లభించే శక్తిని మొత్తంలో 45 శాతానికి పరిమితం చేయవలెనని సూచించినవి. పాలియోను అడిగే రైతుకు ఈ లక్ష్యాన్ని మధ్యేమార్గంగా చూపవచ్చును. అన్నం తినదలచినవారికి గ్లైసీమిక్ సూచిక 55 కన్నా తక్కువగా నమోదైన తెలంగాణ సోనా రకాన్ని తెలియజేయుట ఉపయుక్తం. రకం మారినంత మాత్రాన పరిమాణం పెంచరాదని కూడా చెప్పవలెను.

గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాల వంటి సంస్థలు నిర్వహించే శిక్షణలలో పెరటి కూరగాయలు, పెరటి కోళ్ల పెంపకం, మునగ నాటుటను ఈ అంశంతో జోడించవచ్చును. సద్ది డబ్బాలో ఏమి ఉండవలెనన్న ప్రశ్నకు సమాధానం పెరటిలోనే ఉన్నప్పుడు సలహా ఆచరణలోకి వచ్చును. విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో రైతుల, డ్రైవర్ల ఒక రోజు భోజనాన్ని నమోదు చేసి, అందులో ధాన్యం, మాంసకృత్తులు, కాల్షియం పరిమాణాలను లెక్కించినచో స్థానిక సలహాకు గట్టి ఆధారం ఏర్పడును.

ముగింపు

శుద్ధి చేసిన పిండి, చక్కెర, తయారీ చిరుతిండ్లను మానుట, ప్రతి పూట మాంసకృత్తులు, కూరగాయలు ఉండునట్లు చూచుట పాలియో విధానంలో స్వీకరించదగిన భాగం. పాలు, పప్పు, సమస్త ధాన్యం త్యజించుట మాత్రం ఫ్లోరైడు సమస్య, కాయకష్టం ఉన్న ఈ వరి సీమకు నప్పదు. సూర్యాపేటలో ఆగిన డ్రైవరు సగం అన్నం, రెండింతల కూర, ఒక గుడ్డు, ఒక కప్పు పెరుగు అడిగి తీసుకొన్నచో పాలియో వలన ఆశించే ప్రయోజనంలో అధిక భాగం అతనికి దక్కును. ఈ మార్పుకు ప్రత్యేక దుకాణం గాని, అదనపు సమయం గాని అవసరం లేదు.