టీవీ 4కె, బొమ్మ మాత్రం పాతదే

పండగ అమ్మకాలు మొదలయ్యాయంటే షోరూముల్లో ఒకటే పాట: "4కె తీసుకోండి సార్, ఇక ఏ చానల్ పెట్టినా అద్దంలా కనిపిస్తుంది." 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగడంతో ఈ పాట ఇంకాస్త గట్టిగా వినిపిస్తోంది. నమ్మినవాళ్లు నిక్షేపంగా పనిచేస్తున్న ఫుల్ హెచ్‌డీ టీవీని ఎక్స్‌చేంజిలో అడిగినంతకు వదిలేసి, 55 అంగుళాల 4కె టీవీని ఈఎంఐల మీద ఇంటికి తెచ్చుకుంటున్నారు. సాయంత్రం సీరియల్ పెడితే బొమ్మ అలుక్కుపోయినట్టు ఉంటుంది. కంపెనీ మెకానిక్ వచ్చి, ప్యానెల్‌లో లోపమేమీ లేదని చెప్పి వెళ్తాడు. ఇంటిల్లిపాదీ అతణ్ని తిట్టుకుంటారు. పాపం, అతను చెప్పింది నిజమే.

టీవీ తనకు అందిన బొమ్మనే చూపించగలదు. మన దగ్గర మామూలు ఎస్‌డీ చానల్ ఒక ఫ్రేముకు పంపేది మహా అయితే అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. అంటే నాలుగు లక్షల పైచిలుకు. 4కె తెర మీద ఉండేవి 3840 × 2160, దాదాపు 83 లక్షలు. గుణించి చూసుకోండి, సరిగ్గా ఇరవై రెట్లు. మీ తెర మీద ప్రతి ఇరవై చుక్కల్లో చానల్ పంపింది ఒక్కటి. మిగతా పంతొమ్మిదీ టీవీలోని చిప్పు చుట్టుపక్కల రంగులు చూసి అంచనాగా నింపినవే. దీని పేరే అప్‌స్కేలింగ్, దీన్నే బాక్సు మీద గొప్పగా అచ్చేస్తారు. ఖరీదైన టీవీల్లో ఈ అంచనా కొంత మెరుగ్గా ఉంటుంది, అంతవరకే. కథానాయిక చీర అంచు మీది జరీ పువ్వు ఎస్‌డీలో మచ్చలా వచ్చిందంటే, 55 అంగుళాల మీద అది ఇంకా పెద్ద మచ్చ. పాత డబ్బా టీవీ నయమనిపించడానికి కారణమూ ఇదే. తెర చిన్నది కాబట్టి లోపాలు దాగేవి.

"మరి 4కె చానళ్లు పెట్టించుకుంటాం" అంటారా? 2015 క్రికెట్ ప్రపంచకప్ రోజుల్లోనే మన డీటీహెచ్ కంపెనీలు 4కె బాక్సులు అమ్మాయి. ఇన్నేళ్లు గడిచినా మీరు రోజూ చూసే తెలుగు సీరియళ్లు, వార్తలు 4కెలో రావడం లేదు. తెలుగు చానళ్ల దగ్గర అందే గరిష్ఠం హెచ్‌డీ, 1920 × 1080. విచిత్రమేమిటంటే, 4కె టీవీ ఉన్న చాలా ఇళ్లకు ఆ హెచ్‌డీ కూడా చేరడం లేదు.

ఎక్కడ ఆగుతోందో చూద్దాం. స్టార్ మా, జీ తెలుగు, ఈటీవీ, జెమినీలకు హెచ్‌డీ చానల్ వేరుగా ఉంటుంది. నంబరు వేరు, ధర వేరు. ప్యాక్‌లో అది లేకపోతే మీరు చూసేది ఎస్‌డీయే. తర్వాత బాక్సు. కేబుల్ డిజిటలైజేషన్ 2017 మార్చి నాటికి ముగిసింది. అప్పుడు బిగించిన ఎస్‌డీ బాక్సుతోనే ఇంకా నెట్టుకొస్తున్నవాళ్లున్నారు. ఆ బాక్సుకు హెచ్‌డీ ప్రసారం అర్థమే కాదు.

బాక్సు హెచ్‌డీదే, ప్యాకూ హెచ్‌డీదే అయినా వైరు దగ్గర కథ అడ్డం తిరిగే ఇళ్లు కొల్లలు. గోడలోంచి వచ్చిన పాత ఎరుపు-తెలుపు-పసుపు పిన్నుల వైరు ఎలాగూ ఉంది కదా అని బిగించేవాడు దాన్నే తగిలించి పోతాడు. ఆ పసుపు పిన్ను మోయగలిగేది ఎస్‌డీ బొమ్మనే. నెలనెలా హెచ్‌డీకి డబ్బు కడుతూ ఎస్‌డీ చూడటమంటే ఇదే. ఆ వైరు పీకేసి బాక్సుకూ టీవీకీ మధ్య హెచ్‌డీఎంఐ వైరు పెట్టండి. తర్వాత బాక్సు మెనూలోకి వెళ్లి అవుట్‌పుట్ 1080ఐ, స్క్రీన్ 16:9 ఉన్నాయో లేదో చూడండి. 4:3లో వదిలేసి, టీవీ రిమోట్‌తో సాగదీసుకుని, హీరో పొట్టిగా లావుగా కనిపిస్తుంటే ఏళ్ల తరబడి సర్దుకుపోయే ఓపిక మనవాళ్లకే ఉంది.

4కె నిజంగా దొరికేది ఓటీటీల్లో. అక్కడా షరతులున్నాయి. నెట్‌ఫ్లిక్స్‌లో ప్రీమియం ప్లాన్ ఉంటేనే 4కె వస్తుంది. నెట్ వేగం 15 ఎంబీపీఎస్ ఉండాలని వాళ్లే చెబుతారు. యూట్యూబ్‌లో "4కె" అని తగిలించిన పాత పాటల సంగతి వేరే చెప్పాలా? 2022 ఆగస్టులో పోకిరిని 4కెలో మళ్లీ థియేటర్లకు తెచ్చాక ఈ మాటకు మోజు పెరిగింది. ఫిల్ము మీద తీసిన సినిమా నెగెటివ్‌ను కొత్తగా స్కాన్ చేస్తే నిజంగానే అంత వివరం బయటికొస్తుంది. క్యాసెట్‌లోంచి ఎక్కించిన పాటకు పేరు మారుస్తే రాదు.

దూరం సంగతి షోరూములో ఎవరూ ఎత్తరు. చూపు సరిగా ఉన్న మనిషికి 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర చుక్కలు ఆరడుగులు దాటితే విడిగా కనిపించవు. 55 అంగుళాలకు ఆ దూరం ఏడడుగుల పైచిలుకు. సోఫా పదడుగుల అవతల ఉంటే 4కెకు పెట్టిన అదనపు చుక్కలు మీ కంటికి ఆనవు. ఎటూ కొత్త టీవీ అవసరమైతే 4కెయే తీసుకోండి, ఇప్పుడు పెద్ద సైజుల్లో ఎక్కువగా దొరికేది అదే. ఉన్నదాన్ని పారేయడానికి మాత్రం అది కారణం కాదు.

మిగతా అపోహలకు ఇంత చోటు దండగ. బంగారు పూత హెచ్‌డీఎంఐ వైరుతో రంగులు మెరుగుపడవు. వెళ్లేది డిజిటల్ సంకేతం, రెండు మీటర్ల దూరానికి సర్టిఫైడ్ వైరు ఏదైనా ఒకటే. ఎల్ఈడీ, క్యూఎల్ఈడీ అని రాసినవన్నీ లోపల ఎల్‌సీడీ ప్యానెళ్లే, వేరే జాతిది ఓఎల్ఈడీ. 32 అంగుళాల పెట్టె మీద "4కె సపోర్ట్" అని ఉందంటే 4కె ఫైలును కుదించి చూపిస్తుందని అర్థం, తెర మాత్రం 1366 × 768 కావచ్చు. వెలుగునీడలను ఎక్కువ తేడాతో చూపే హెచ్‌డీఆర్ అన్న ముద్ర కూడా అంతే, వెలుగు చాలని తెర మీద అది ఉత్త ముద్రే.

స్టెబిలైజర్ విషయంలో మాత్రం పెద్దవాళ్లను పూర్తిగా తీసిపారేయలేను. ఇప్పటి టీవీల వెనక 100–240 వోల్టులని రాసి ఉంటుంది, లో వోల్టేజీకి అవి బెదరవు. అయితే లైన్లో న్యూట్రల్ తెగితే వోల్టేజీ అమాంతం పైకి లేస్తుంది. అలా జరిగే ఊళ్లలో హై వోల్టేజ్ కటాఫ్ ఉన్న స్టెబిలైజర్ పెట్టినవాడు తెలివైనవాడే. పిడుగును ఏ స్టెబిలైజరూ ఆపలేదు. ఉరుములు మొదలవకముందే ప్లగ్గు పీకమనే నానమ్మ మాట వినండి. ప్లగ్గుతోపాటు కేబుల్ లేదా డిష్ వైరు, ఇంటర్నెట్ వైరు కూడా తీసేయండి, పిడుగు వాటిలోంచీ వస్తుంది.

కొత్త టీవీ వచ్చాక మెనూలో పిక్చర్ మోడ్‌ను వివిడ్ నుంచి సినిమాకో ఫిల్మ్‌మేకర్‌కో మార్చండి. వివిడ్ అనేది షోరూము దీపాల కింద మెరవడానికి పెట్టిన మోడ్. సినిమా సీరియల్‌లా జారిపోతూ కనిపిస్తే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. అంచులు కోసుకుపోతుంటే స్క్రీన్ ఫిట్ లేదా జస్ట్ స్కాన్ ఎంచుకోండి. సౌండ్‌బార్ హెచ్‌డీఎంఐ వైరు ఏఆర్‌సీ అని రాసిన పోర్టులోకే వెళ్లాలి. గోడకు బిగించేటప్పుడు, కూర్చున్నప్పుడు మీ కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో తెర మధ్యభాగం దాదాపు అంత ఎత్తులో ఉండేలా చూసుకోండి. దేవుడి పటంలా పైన వేలాడదీస్తే నొప్పి పుట్టేది మెడకే.

ఈఎంఐ కాగితాల మీద సంతకం పెట్టబోయే ముందు కేబుల్ ఆయనకు ఒక్క ఫోన్ చేసి, మా బాక్సు హెచ్‌డీదేనా, ప్యాక్‌లో హెచ్‌డీ చానళ్లు ఉన్నాయా అని అడగండి. టీవీ వెనక్కి వంగి పసుపు పిన్ను ఉందేమో చూడండి. ఉంటే ముందు ఆ వైరు మార్చి, ఒక వారం పాత టీవీనే చూసి, తర్వాత షోరూముకు వెళ్లండి.